మూజువాణిలో మాయమైన మన ఆరోగ్యం

వక్ఫ్ సవరణ బిల్లు మీద 2025 ఏప్రిల్ 2వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత లోక్‌సభలో ఓట్లు లెక్కించారు. అనుకూలం 288, ప్రతికూలం 232. తెలుగుదేశం ప్రభుత్వం పక్షాన నిలిచింది, వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. ఎవరు ఎటు నిలిచారో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ముస్లిం కుటుంబాలలో చదువురాని వృద్ధులకు కూడా తెలుసు. తెలియవలసిందే. తన మసీదు, తన ఖబరస్తాన్ భూమి మీద ఎవరు చేయి వేస్తున్నారో గమనించని సమాజం బతికి ఉన్నట్టు కాదు.

అయితే ఒక ప్రశ్న. అదే ప్రతినిధి మన ఆసుపత్రి మీద, మన మందుల మీద, మన పిల్లల వైద్య విద్య మీద ఎన్నడు, ఎటు ఓటు వేశాడు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు మనలో ఎందరు? జవాబు తెలియకపోవడం మన అలసత్వం వల్ల మాత్రమే కాదు. వెదికిచూచినా ఆ పట్టికలో చాలావరకు ఖాళీ కాగితమే కనిపిస్తుంది. ఆ ఖాళీ దానంతట అది ఏర్పడినది కాదు, దానిని జాగ్రత్తగా కాపాడుకుంటూ వస్తున్నారు. ఈ వ్యాసం ఆ ఖాళీ గురించే.

మన చట్టసభలలో అత్యధిక బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. సభాపతి అనుకూలురను 'ఔను' అనమంటారు, ప్రతికూలురను 'కాదు' అనమంటారు, ఏ కేక పెద్దదో చెవితో నిర్ణయిస్తారు. ఏ సభ్యుడైనా లేచి విభజన కోరితేనే పేర్లు నమోదవుతాయి. కోరేవారు అరుదు. కోరినా 1985లో రాజ్యాంగంలో చేరిన పదవ షెడ్యూలు, దానితోపాటు పార్టీ విప్ సభ్యుని వేలిని పార్టీ మీటకు కట్టివేసి ఉంచాయి. విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ఆరోగ్యానికి సంబంధించి పేర్లతో ఓట్లు నమోదైన అరుదైన సందర్భాలలో జాతీయ వైద్య కమిషన్ బిల్లు ఒకటి. 2019 జులై 29న లోక్‌సభ దానిని 260–48 ఓట్లతో ఆమోదించింది. ప్రైవేటు వైద్య కళాశాలలలో సగం సీట్ల రుసుముకే మార్గదర్శకాలు ఉంటాయనీ, మిగిలిన సగం బజారుకు వదిలివేయవచ్చుననీ చెప్పిన చట్టం అది. మన పిల్లవాడు డాక్టరు కావడమా మానడమా అన్నది తేల్చే చట్టం. ఆ పట్టికలో మన జిల్లాల సభ్యుల పేర్లు ఏ వరుసలో ఉన్నాయో ఎన్నికల సభలలో ఎవరైనా అడిగారా? ఏ పత్రికైనా మన గుమ్మం దాకా తెచ్చి చెప్పిందా?

ఇక నిధుల సంగతి చూడండి. 2023 మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల రూపాయల కేంద్ర బడ్జెట్‌ను లోక్‌సభ చర్చ లేకుండా, అన్ని శాఖల పద్దులనూ ఒక్క గంపగుత్తగా కొన్ని నిమిషాలలో ఆమోదించింది. పార్లమెంటు పరిభాషలో దీని పేరు గిలెటిన్. ఫ్రాన్సులో తలలు నరికిన యంత్రం పేరు. చాలా తగిన పేరు. ఆరోగ్య శాఖ పద్దు కూడా ఆ కత్తి కిందనే పోయింది. 2018 మార్చి 14న కూడా ఇదే జరిగింది. ఆనాటి గందరగోళంలో ప్రత్యేక హోదా కోసం నినదించిన ఆంధ్ర సభ్యులూ ఉన్నారు. హోదా కోర్కె న్యాయమైనదే. కాని ఆ నినాదాల నడుమ దేశం మొత్తం ఆసుపత్రుల పద్దు ఒక్క మాటైనా లేకుండా దాటిపోయిందన్న సంగతి కూడా న్యాయంగానే చెప్పుకోవాలి. స్థూల దేశీయోత్పత్తిలో ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి 2.5 శాతానికి చేర్చుతామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఆ గడువు వచ్చింది, పోయింది. ఏ సభలోనూ ఏ సభ్యుడి పీఠమూ దీనివల్ల కదలలేదు.

ఇప్పుడు శ్రీకాకుళానికి వద్దాం.

కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు 2014 నుంచి వరుసగా మూడుసార్లు ఇక్కడి నుంచి లోక్‌సభకు వెళ్లారు. పనిచేయని సభ్యుడని ఆయనను నిందించడం అబద్ధమవుతుంది. అబద్ధంతో హక్కుల పోరాటం నడవదు. సభలో హిందీలోనూ ఇంగ్లీషులోనూ అనర్గళంగా మాట్లాడగలరు, 2020లో సంసద్ రత్న పురస్కారం పొందారు. స్త్రీల రుతుస్రావ ఆరోగ్యం గురించి మగ సభ్యులు నోరెత్తడానికి సిగ్గుపడే సభలో ఆయన మాట్లాడారు. శానిటరీ నాప్‌కిన్లపై 12 శాతం జీఎస్టీని తొలగించాలని గళమెత్తినవారిలో ఆయన ఒకరు. 2018 జులైలో ఆ పన్ను తొలగింది. 2021 బడ్జెట్ సమావేశాల కాలంలో పితృత్వ సెలవు తీసుకుని, బిడ్డను కనడం, పెంచడం తల్లి ఒక్కదాని బరువు కాదని చేతలతో చెప్పారు. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి మాటనూ లోక్‌సభలో వినిపించారు. ప్రతిపక్షంలో ముగ్గురు సభ్యులున్న చిన్న పార్టీ పక్షాన కూర్చున్న రోజులలో కూడా ఆ గొంతు వినిపించింది.

ఆ గొంతు 2024 జూన్ నుంచి ఆరోగ్యం మీద ప్రశ్న వేయదు, వేయలేదు. ఆయన కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. మంత్రి సభలో ప్రశ్నలకు జవాబు చెప్పేవాడే గాని అడిగేవాడు కాడు. ప్రైవేటు సభ్యుని బిల్లు ప్రవేశపెట్టరాదు. ఆరోగ్య స్థాయీ సంఘంలో సభ్యుడు కారాదు. హాజరు పట్టికలో సంతకం కూడా ఉండదు. అంటే ఉద్దానం ప్రజల తరఫున లోక్‌సభలో ఆరోగ్య మంత్రిని నిలదీసే హక్కు ఉన్న ఒకే ఒక్క పీఠం నుంచి ఆ హక్కు వెళ్లిపోయింది. మన జిల్లావాడు మంత్రి అయ్యాడని బాణసంచా కాల్చుకున్నాము. కాల్చుకోవచ్చు. కాని ఆ సంబరానికి చెల్లించిన మూల్యం ఏమిటో ఎవరూ లెక్క కట్టలేదు.

ఇది కొత్త అనుభవం కూడా కాదు. 2014 నుంచి 2018 మార్చి దాకా విజయనగరం సభ్యుడు అశోక్ గజపతిరాజుగారు అదే పౌర విమానయాన శాఖకు మంత్రి. పదేళ్ల వ్యవధిలో రెండు పొరుగు జిల్లాలకు ఒకే శాఖ దక్కింది. భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం లేచింది. సీతంపేట, సాలూరు, గుమ్మలక్ష్మీపురం కొండలలో గర్భిణులు నేటికీ డోలీలో కిందికి దిగుతున్నారు. విమానం వద్దని ఎవరూ అనరు. పైకి ఎగరడం గురించి ఢిల్లీలో మనవాళ్లు ఎంతో చెప్పగలిగారు. కిందికి మోసుకురావడం గురించి అడిగేవారే కరువయ్యారు.

ఉద్దానం సంగతి ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడితోటల పచ్చదనం కింద దశాబ్దాలుగా మూత్రపిండాలు చెడిపోతున్న ఊళ్లు ఇవి. నీటిలోని సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీరు తాగకుండా చేసే కూలిపని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదే కారణమని తేల్చిన శాస్త్రీయ నిర్ణయం నేటికీ లేదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్‌గారు వచ్చి చూశాక రాష్ట్రమంతా ఉద్దానం పేరు మోగింది. జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇచ్చింది, హిరమండలం జలాశయం నుంచి మంచినీటి పథకం నిర్మించింది, 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించింది. మంచి పనిని మంచి పని అనడానికి మనకు సంకోచం లేదు.

కాని పింఛను, నీళ్లు, పడకలు రాష్ట్రం చేసే పనులు. కారణాన్ని కనుగొనే పని ప్రధానంగా ఢిల్లీది. భారత వైద్య పరిశోధన మండలి కేంద్ర ఆరోగ్య శాఖ కిందిది. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కేంద్రానిది. అక్కడ అడగాలి. ఉద్దానంపై పరిశోధనకు ఏ ఏడాది ఎంత ఖర్చుపెట్టారు, ఏమి తేలింది, తేలకపోతే ఎందుకు తేలలేదు? నక్షత్రం గుర్తు ప్రశ్నగా అడిగితే మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలను ఎదుర్కోవాలి. లోక్‌సభలో రోజుకు అటువంటి ప్రశ్నలు 20 మాత్రమే వస్తాయి. అందులో ఒకటి సంపాదించడానికి సభ్యుడు సమావేశమంతా పట్టువిడవకుండా నోటీసులిస్తూ పోవాలి. ఈ పని చేయగల యువ సభ్యుడు మనకు ఉండేవాడు. ఇప్పుడు ఆయన మంత్రుల వరుసలో, ఆరోగ్య మంత్రికి సహచరుడిగా కూర్చుంటారు.

దీనికి ఒక వాదన వినిపిస్తుంది: మంత్రి అయితే ప్రశ్న ఎందుకు, ఒక్క ఫోను చాలదా? చాలవచ్చు. కాని ఫోనుకు రికార్డు లేదు. అడిగాడో లేదో, ఏమి జవాబు వచ్చిందో ప్రజలకు తెలియదు. సభలో అడిగిన ప్రశ్న అచ్చులో ఉంటుంది, మన మనుమలు కూడా తీసి చదువుకోవచ్చు. దొరవారి దయ వేరు, పౌరుని హక్కు వేరు. మైనారిటీగా బతికిన మనకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కరలేదు.

విజయనగరం సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడుగారు మంత్రి కారు. ప్రశ్నించే హక్కు ఆయనకు నిండుగా ఉంది. పసుపు సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లిన నిరాడంబరుడిగా పేరు తెచ్చుకున్నారు. 2025 మార్చిలో మాత్రం ఆయన పేరు దేశమంతా మారుమోగినది మరొక ప్రకటనతో. మూడవ కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లవాడు పుడితే ఆవు! అంతకుముందే 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధనను రద్దు చేసింది. ఆ రద్దు సరైనదే. పేదల మీద, మన మీద ఎక్కువగా పడిన నిబంధన అది. కాని ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. దశాబ్దాలపాటు 'వాళ్లకు పిల్లలెక్కువ' అని మన తల్లులను వేలెత్తి చూపారు. రైలు పెట్టెలలో, టీకొట్లలో, టీవీ చర్చలలో ఈ మాట పడని ముస్లిం తల్లి ఉండదు. నేడు అదే మూడవ బిడ్డకు బహుమానం! అప్పుడు తల్లి గర్భం నేరం, ఇప్పుడు దేశసేవ. రెండు కాలాలలోనూ ఆ తల్లి రక్తహీనత గురించి గాని, ఆమె కాన్పుకు వెళ్లే ఆరోగ్య కేంద్రంలో రాత్రివేళ వైద్యురాలు ఉందా లేదా అన్న దాని గురించి గాని ఎవరూ మాట్లాడలేదు. ఆవును తోలుకువెళ్లడానికి ఇంటికి తిరిగివచ్చే తల్లి ఉండాలి కదా!

అసలు నిర్ణయాలు ఓటింగుకే రావు అన్నదే ఈ పట్టిక ఖాళీగా ఉండడానికి అన్నిటికన్నా పెద్ద కారణం.

2023 సెప్టెంబరు 15న విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అదే రోజు రాష్ట్రంలో మొత్తం ఐదు. ఒక్కొక్కదానికి 150 సీట్లు. పండుగలా చేశారు. కాని దానికి రెండు నెలల ముందే 107, 108 నంబర్ల జీవోలు వచ్చాయి. కొత్త ప్రభుత్వ కళాశాలలలో రాష్ట్ర వాటా సీట్లలో సగమే మామూలు రుసుముకు. 35 శాతం ఏడాదికి 12 లక్షలకు, 15 శాతం ప్రవాస భారతీయుల పేరిట 20 లక్షలకు. పేరు ప్రభుత్వ కళాశాల, ధర బజారు ధర. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం ఇచ్చిన నాలుగు శాతం, 2010లో హైకోర్టు కొట్టివేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచిన నాలుగు శాతం, ఇటువంటి అమ్మకపు సీట్లలో ఏ అర్థం కలిగి ఉంటుంది? పన్నెండు లక్షలు కట్టగల వెల్డరు, పరుపుల కుట్టే నూర్ బాషా మన జిల్లాలలో ఎవరు? దూదిపొడి, జనపనార పొడి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న కార్మికుని కొడుకు అదే ఊపిరితిత్తుల వైద్యుడు కావాలంటే దారి ఏది?

ఆ జీవోలను 100 రోజులలో రద్దు చేస్తామని నారా లోకేశ్‌గారు వాగ్దానం చేశారు. వాగ్దానం అలాగే ఉంది. ఆపైన 2025 సెప్టెంబరు 4న రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించాలని నిర్ణయించింది. ఆ పదింటిలో పార్వతీపురం ఉంది. ఉమ్మడి విజయనగరం జిల్లాలోని గిరిజన ప్రాంతానికి రావలసిన కళాశాల అది. గత ప్రభుత్వం కట్టకుండా వదిలేసింది, మా దగ్గర డబ్బు లేదు, ప్రైవేటువారు త్వరగా కడతారు అన్నది ప్రభుత్వ వాదన. మొదటి మాటలో కొంత నిజం ఉంది. కాని రెండవది వినండి. లాభం లేని చోట పెట్టుబడి రాదు, లాభం రావాలంటే రోగి జేబు బరువుగా ఉండాలి. పార్వతీపురం కొండలలో ఎవరి జేబు బరువుగా ఉంది?

ఆనాటి మంత్రివర్గంలో ఈ రెండు ఉమ్మడి జిల్లాలవారు ముగ్గురున్నారు: టెక్కలి నుంచి అచ్చెన్నాయుడుగారు, గజపతినగరం నుంచి కొండపల్లి శ్రీనివాస్‌గారు, సాలూరు నుంచి గుమ్మడి సంధ్యారాణిగారు. అందునా సంధ్యారాణిగారు గిరిజన, స్త్రీ శిశు సంక్షేమ మంత్రి. మంత్రివర్గానిది సమష్టి బాధ్యత. కాబట్టి ఈ నిర్ణయం ముగ్గురిదీ. సభలో ఓటు లేకపోయినా దీనిని వారి ఓటుగానే మనం రాసుకోవాలి.

మరి ప్రతిపక్షం? 2024 ఎన్నికలలో ఉమ్మడి శ్రీకాకుళంలోని పది, ఉమ్మడి విజయనగరంలోని తొమ్మిది స్థానాలూ కూటమికే దక్కాయి. రాష్ట్రంలో గెలిచిన పదకొండు మంది వైఎస్సార్ కాంగ్రెస్ శాసనసభ్యులలో ఒక్కరూ ఇక్కడివారు కారు. ఆ పదకొండు మందైనా సభకు వెళ్లి మాట్లాడుతున్నారా అంటే, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభనే బహిష్కరించారు. హోదా లేకపోతే నోరు లేదా? శాసనమండలిలో ప్రతిపక్ష నేత బొత్స సత్యనారాయణగారు విజయనగరం జిల్లావారే. అక్కడ వైద్య కళాశాలల మాట వినిపించింది, సంతోషం. కాని 107, 108 జీవోలు వచ్చిన రోజున ఆయన మంత్రివర్గ సభ్యుడన్న సంగతి కూడా మనం మరువరాదు. ఒకరు సీట్లు అమ్మారు, మరొకరు కళాశాలనే అప్పగిస్తున్నారు. 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టిన పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, ఆసుపత్రుల బకాయిలు మాత్రం మారవు. 2025 అక్టోబరులో బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఆపినప్పుడు, గుమ్మం దగ్గర నిలిచిపోయిన రోగిని నీది ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు.

ఇంతకూ ఇదంతా ముస్లిం పత్రికలో ఎందుకు? రాష్ట్రంలోకెల్లా ముస్లింలు అతి తక్కువగా ఉన్న జిల్లాలు మనవి. 2011 జనాభా లెక్కలలో వందకు ఒకరు కూడా లేము. చికాకోల్ సర్కారు రోజులలో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో నిలిచి ఉంది గాని, ఆ చరిత్ర నేడు ఓట్లుగా మారదు. మన సంఖ్యను చూసి ఏ పార్టీ అభ్యర్థీ భయపడడు. రాయలసీమలోనో గుంటూరులోనో ఉన్న సోదరులు అనుసరించే ఎత్తుగడ ఇక్కడ పనిచేయదు. ఇక్కడ మన బలం మరొక చోట ఉంది. విజయనగరం బాబామెట్ట దర్గాకు వచ్చేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. విశాఖ కేజీహెచ్‌లో పడక కోసం ఎదురుచూసే వరుసలోనూ అంతే. ఆ వరుస తరఫున మాట్లాడితే మన గొంతుకు వందకు వంద మంది తోడవుతారు.

ఒక చారిత్రక సత్యం మన యువకులు తెలుసుకోవాలి. స్వతంత్ర భారత పార్లమెంటులో చట్టమైన మొట్టమొదటి ప్రైవేటు సభ్యుని బిల్లు ముస్లిం వక్ఫ్‌ల బిల్లు. సయ్యద్ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1952లో ప్రవేశపెట్టారు, 1954లో చట్టమైంది. ఒంటరి సభ్యుడు చట్టం చేయించగలిగిన కాలం అది. 1970 తరువాత ఏ ప్రైవేటు సభ్యుని బిల్లూ చట్టం కాలేదు. చట్టం కాకపోయినా బిల్లు పెట్టడం వృథా కాదు, ప్రభుత్వం దానికి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

కనుక చేయవలసినదేమిటి? మన వాడలలోని పెద్దలు, అంజుమన్‌లు ముగ్గురు లోక్‌సభ సభ్యులకూ లిఖితపూర్వకంగా రాయాలి. పార్వతీపురం, సాలూరు, కురుపాం, పాలకొండ ప్రజలు అరకు స్థానం కిందికి వస్తారు. అక్కడి సభ్యురాలు గుమ్మా తనూజారాణిగారు ప్రతిపక్షంవారు, స్వయంగా వైద్యురాలు. ఉద్దానం ఆమె నియోజకవర్గం కాకపోయినా ప్రశ్న వేయడానికి ఏ నిబంధనా అడ్డురాదు. అప్పలనాయుడుగారిని అడగాలి: ఆరోగ్య శాఖకు ఇప్పటిదాకా ఎన్ని ప్రశ్నలు వేశారు, వాటిలో విజయనగరం జిల్లావి ఎన్ని, ఏటా వచ్చే ఐదు కోట్ల సభ్యుని నిధిలో అంబులెన్సులకు, ఆరోగ్య కేంద్రాలకు ఎంత ఇచ్చారు? రామ్మోహన్ నాయుడుగారిని ప్రశ్న వేయమని అడగలేము. కాని ఉద్దానంపై కేంద్ర పరిశోధన ఫలితాలను తన సహచర ఆరోగ్య మంత్రి చేత సభలో ప్రకటన రూపంలో పెట్టించమని అడగవచ్చు. పార్వతీపురం కళాశాల గురించి ముగ్గురు రాష్ట్ర మంత్రులకు వేరుగా రాయాలి. ప్రతి ఉత్తరానికీ రసీదు తీసుకోవాలి. జవాబు వచ్చినా రాకపోయినా తేదీతో సహా జుమా తరువాత మసీదు నోటీసు బోర్డులో పెట్టాలి. లోక్‌సభ ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి, సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే ఆ ఉత్తరాలు ఢిల్లీ చేరాలి.